పందెం సొమ్ము, రాతకెక్కిన నియమం: పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండు ఆటలు

సభకు వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది పద్దెనిమిదో శతాబ్దం చివరి మూడున్నర దశాబ్దాలలో ఇంగ్లండులోని ఆటలకు ఏం జరిగిందన్న విషయం గురించి. మీలో క్రికెట్ చూడనివారు తక్కువమందే ఉంటారు. వికెట్‌లో ఎన్ని స్టంపులు ఉంటాయని అడిగితే ఈ గదిలో కూర్చున్న చిన్నపిల్లలు కూడా మూడని చెబుతారు. మూడే ఎందుకు? రెండు ఎందుకు కాకూడదు? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే మనం 1775 మే నెలకు, లండన్ నగరపు అంచున ఉన్న ఆర్టిలరీ గ్రౌండుకు వెళ్ళాలి.

ఆ నెల 22, 23 తేదీలలో అక్కడ జట్టుకు అయిదుగురు చొప్పున ఒక పోటీ జరిగింది. ఒక పక్క హాంప్‌షైర్ కౌంటీలోని హాంబుల్డన్ అనే పల్లెకు చెందిన క్లబ్బు, మరో పక్క కెంట్ జట్టు. అప్పటికి వికెట్ అంటే రెండే స్టంపులు, వాటి మీద అడ్డంగా బెయిల్ అనే ఒకే ఒక చిన్న కర్ర. స్టంపుల ఎత్తు 22 అంగుళాలు, వాటి మధ్య దూరం 6 అంగుళాలు. ఆట చివరికి వచ్చేసరికి హాంబుల్డన్ జట్టులో ఒకే ఒక్క ఆటగాడు మిగిలాడు, గెలవడానికి 14 పరుగులు కావాలి. ఆ మిగిలినవాడు జాన్ స్మాల్. కెంట్ తరఫున బంతి వేస్తున్నవాడు ఎడ్వర్డ్ స్టీవెన్స్, జనం అందరూ లంపీ అని పిలిచిన మనిషి, ఆ కాలంలో అంతటి గురి ఉన్న బౌలర్ మరొకడు లేడని పేరు తెచ్చుకున్నవాడు. లంపీ వేసిన బంతి స్మాల్ బ్యాటును దాటింది, నేరుగా వికెట్ మీదికే వెళ్ళింది, రెండు స్టంపుల మధ్య ఖాళీలోంచి అవతలికి పోయింది. బెయిల్ కదలలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు అలా జరిగింది. నియమం ప్రకారం బెయిల్ పడకపోతే ఆటగాడు అవుట్ కాడు. స్మాల్ నిలబడి ఆ 14 పరుగులూ చేశాడు. హాంబుల్డన్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. బ్యాటును మూడుసార్లు దాటించినవాడు ఓడాడు, మూడుసార్లు దాటనిచ్చినవాడు గెలిచాడు. చూసినవాళ్ళకు ఇది అన్యాయమని అనిపించింది. అప్పుడు ఏం చేశారు? స్మాల్‌ను తప్పుపట్టలేదు, అతడు నియమాన్ని ఎక్కడా దాటలేదు. పోటీ ఫలితాన్ని కొట్టివేయలేదు. నియమాన్నే మార్చారు. రెండు స్టంపుల మధ్య మూడోదాన్ని పాతాలన్న నిర్ణయం అప్పుడు పుట్టింది, తరువాతి ఏళ్ళలో క్రమంగా అన్ని మైదానాలకూ పాకింది. మనం ఈ రోజు చూసే మధ్య స్టంపు లంపీకి జరిగిన అన్యాయానికి పరిహారంగా వచ్చిందన్న మాట.

మిత్రులారా, ఈ సంఘటనను నేను మొదట చెప్పడానికి కారణం ఉంది. ఆటలు మనిషి ఉన్నప్పటినుంచీ ఉన్నాయి. పరుగు, కుస్తీ, బంతాట లేని సమాజం లేదు. అయితే ఏ ఊరి ఆట ఆ ఊరిది, ఏ ఊరి కట్టుబాటు ఆ ఊరిది. తగువు వస్తే పెద్దమనిషి చెప్పినట్టు వినడమే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో వచ్చిన మార్పు ఏమిటంటే, ఆట నియమం కాగితం మీదికి ఎక్కింది, దాని కింద బాధ్యత గల మనుషులు సంతకం పెట్టారు, లోపం బయటపడిన ప్రతిసారీ దాన్ని దిద్దారు. ఆ పని వాళ్ళ చేత చేయించింది ఏది? నా ఉద్దేశంలో దీనికి ఒకే సమాధానం: పందెం సొమ్ము. ఆటను రాతలోకి తెచ్చింది నీతి కాదు, పందెం.

ఎంత సొమ్మో చెబుతాను, వినండి. ఆ రోజుల్లో పెద్ద క్రికెట్ పోటీలకు 500 గినీలు, 1000 గినీలు పందెంగా ప్రకటించేవారు. గినీ అంటే 21 షిల్లింగులు. పొలంలో పనిచేసే కూలివాడికి రోజుకు దొరికేది ఒక షిల్లింగు, కాస్త అటూ ఇటూ. అంటే 500 గినీల పందెం ఒక కూలివాడి ముప్పై ఏళ్ళ సంపాదనకు మించిన మొత్తం. ప్రభువులు ఒకరితో ఒకరు కాసిన పందెం ఇది. మైదానం చుట్టూ చేరిన జనం తమలో తాము కాసుకున్న చిన్న పందేలు వేరు. ఇంత డబ్బు ఒక బంతి మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ బంతి సరైనదా కాదా అన్నది మాట మీద వదిలేస్తే కుదురుతుందా? కుదరదు. అందుకే 1744లో, ఇదే ఆర్టిలరీ గ్రౌండులో ఆడే పెద్దమనుషులు, పిచ్ పొడవు 22 గజాలనీ, ఓవరుకు నాలుగు బంతులనీ మొదటిసారి నియమాలు రాసుకున్నారు. 1774 ఫిబ్రవరి 25న లండన్‌లోని పాల్ మాల్ వీధిలో స్టార్ అండ్ గార్టర్ అనే విడిదిలో సమావేశమై వాటిని తిరగరాశారు. డ్యూక్ ఆఫ్ డోర్సెట్, ఎర్ల్ ఆఫ్ టాంకర్‌విల్, సర్ హొరేషియో మాన్ వంటి జట్టు పోషకులు ఆ తరానివారే. ఆ 1774 నియమాలలో, శ్రద్ధగా వినండి, పందేల గురించి ఒక ప్రత్యేక భాగమే ఉంది. ఒక ఆటగాడు చేసే పరుగులు ఎక్కువా, మరొక ఆటగాడివి ఎక్కువా అని పందెం కాస్తే, అది మొదటి ఇన్నింగ్స్‌కు వర్తిస్తుందా, రెండింటికీ కలిపి వర్తిస్తుందా అన్నది అందులో రాశారు. క్రికెట్ చట్టంలోనే పందెం చట్టం ఉంది.

ఆ నియమాలలోనే బంతి బరువు అయిదున్నర ఔన్సులకు తగ్గకూడదు, అయిదుముప్పావు ఔన్సులకు మించకూడదు అని ఉంది. ఈ రోజు పురుషుల క్రికెట్‌లో వాడే బంతి బరువు ఎంతో తెలుసా? అదే. అయిదున్నర నుంచి అయిదుముప్పావు ఔన్సులు. రెండున్నర శతాబ్దాలలో ఆ అంకె మారలేదు.

ఇక బ్యాటు సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన ఘట్టం, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. పూర్వం బౌలరు బంతిని నేల మీద దొర్లించి పంపేవాడు. నేల మీద దొర్లి వచ్చే బంతిని కొట్టడానికి అనువుగా బ్యాటు అడుగున వంపు తిరిగి, మన హాకీ కర్రలా ఉండేది. 1760లకు వచ్చేసరికి బౌలర్లు, చేయి కిందినుంచే వేస్తూ, బంతిని గాలిలోకి వదిలి, బ్యాటరు ముందు నేల తాకి లేచేలా వేయడం నేర్చారు. లేచి వచ్చే బంతి ముందు వంకర బ్యాటు పనికిరాలేదు. అందుకని నిటారు బ్యాటు వచ్చింది. నిటారు బ్యాటుతో ఆడటంలో అందరికంటే ముందు ఆరితేరినవాడిగా చెప్పుకునేది ఇందాకటి జాన్ స్మాల్‌నే. అతడు మొదట చెప్పులు కుట్టే వృత్తిలో ఉండి, తరువాత పీటర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో బ్యాట్లు, బంతులు తయారుచేసి అమ్మినవాడు. తాను వాడే పనిముట్టును తానే చేసుకోగలిగినవాడికి ఆట మారుతున్న సంగతి ముందుగా తెలియడంలో ఆశ్చర్యం ఏముంది?

బ్యాటు నిటారుగా ఉండాలి సరే, దాని వెడల్పు ఎంత ఉండాలి? ఎవరూ రాయలేదు. రాయని చోటనే తగువు పుడుతుంది. 1771 సెప్టెంబరు 23న, థేమ్స్ నది ఒడ్డున లేలమ్ బర్వే అనే మైదానంలో చెర్ట్‌సీ జట్టుకు, హాంబుల్డన్ జట్టుకు పోటీ మొదలైంది. చెర్ట్‌సీ తరఫున ఆడిన థామస్ వైట్ అనే అతను ఏకంగా వికెట్ అంత వెడల్పు ఉన్న బ్యాటుతో వచ్చి నిలబడ్డాడు. వికెట్ అంత వెడల్పు బ్యాటు అడ్డం పెట్టుకుంటే బంతి వికెట్‌కు ఎలా తగులుతుంది? తగలదు. అతను తప్పు చేశాడా? నియమం లేదు కాబట్టి చేయలేదు. హాంబుల్డన్ వాళ్ళు ఆ పోటీని ఒక్క పరుగు తేడాతో గెలిచారు. గెలిచినవాళ్ళు సాధారణంగా ఊరుకుంటారు. వీళ్ళు ఊరుకోలేదు. సెప్టెంబరు 25న కాగితం తీసుకుని, ఇకమీదట బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలకు మించరాదని రాసి సంతకాలు పెట్టారు. ఎవరి సంతకాలు? కెప్టెన్ రిచర్డ్ నైరన్, వేగంగా బంతి వేసే థామస్ బ్రెట్, ఇంకా మన జాన్ స్మాల్. ఆ నాలుగుంపావు అంగుళాలే 1774 నియమాలలోకి ఎక్కాయి. ఆ కొలత కూడా నేటికీ అదే.

ఈ మూడు సంతకాలను గమనించండి. వీరిలో ప్రభువు ఎవరు? ఒక్కడూ లేడు. నైరన్ హాంప్‌షైర్ కౌంటీలోని బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్ అనే మైదానం ఎదురుగా ఉన్న బ్యాట్ అండ్ బాల్ అనే సత్రాన్ని నడిపినవాడు. బ్రెట్ రైతు. స్మాల్ సంగతి చెప్పాను. తరువాతి తరంలో హాంబుల్డన్‌కు గొప్ప బౌలరుగా పేరు తెచ్చిన డేవిడ్ హారిస్ కుమ్మరి. లంపీ స్టీవెన్స్ టాంకర్‌విల్ ప్రభువు ఎస్టేటులో తోటపనివాడు. క్రికెట్ చరిత్ర రాసేటప్పుడు డ్యూకుల పేర్లు, ఎర్లుల పేర్లు ముందు వరుసలో వస్తాయి, ఎందుకంటే డబ్బు వాళ్ళది, క్లబ్బు వాళ్ళది. కానీ ఆట ఎక్కడ తప్పుతోందో, ఏ కొలత పెడితే సరిపడుతుందో తెలిసినది పని చేసే చేతులకు. పందెం ఒత్తిడి పైనుంచి వచ్చింది, నియమంలోని తెలివి కిందినుంచి వచ్చింది. ఈ మాటను నేను గట్టిగా నమ్ముతాను, అందుకే మళ్ళీ చెబుతున్నాను: తెలివి కిందినుంచి వచ్చింది.

ఆ ఊరివాళ్ళు ఎంతటి ఆటగాళ్ళో చూడండి. 1777 జూన్‌లో కెంట్‌లోని సెవెన్‌ఓక్స్‌లో హాంబుల్డన్ వాళ్ళు హాంప్‌షైర్ పేరుతో, మిగిలిన ఇంగ్లండు అంతటినుంచి ఎంపిక చేసిన జట్టుతో తలపడ్డారు. జేమ్స్ ఎయిల్‌వర్డ్ అనే ఆటగాడు బుధవారం సాయంత్రం అయిదు గంటలకు బ్యాటు పట్టి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల వరకు ఆడి 167 పరుగులు చేశాడు. జట్టు మొత్తం 403. దేశమంతా ఒక వైపు, ఒక పల్లె క్లబ్బు మరో వైపు ఉంటే, పల్లె ఇన్నింగ్స్ 168 పరుగుల తేడాతో గెలిచింది. ఆ తరువాత సర్ హొరేషియో మాన్ ఎయిల్‌వర్డ్‌కు తన ఎస్టేటులో ఉద్యోగం ఇచ్చి కెంట్‌కు తీసుకుపోయాడు. ఆటగాళ్ళను డబ్బుతో లాక్కోవడం మన ఐపీఎల్ వేలంతో మొదలైందని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

క్రికెట్ దగ్గరే ఆగిపోకూడదు. పందెం అన్న మాట వచ్చాక గుర్రాల సంగతి రాకుండా ఉంటుందా? నిజానికి గుర్రప్పందేలే ముందు. 1750 ప్రాంతంలో జాకీ క్లబ్ అనే గుర్రప్పందేల సంఘం ఏర్పడింది. అప్పటి పందేలు మనకు తెలిసిన పందేల్లా ఉండేవి కావు. అయిదారేళ్ళు నిండిన గుర్రాలు, నాలుగేసి మైళ్ళ దూరం, అదే రోజు అదే పందేన్ని రెండు మూడుసార్లు పరుగెత్తడం. అలాంటి పందేలలో 1769, 1770 సంవత్సరాలలో ఎక్లిప్స్ అనే గుర్రం 18 పందేలు పరుగెత్తి ఒక్కదానిలోనూ ఓడలేదు. 1764 ఏప్రిల్ 1న సూర్యగ్రహణం రోజున పుట్టింది కాబట్టి దానికి ఆ పేరు.

కానీ నాలుగు మైళ్ళ పందేనికి గుర్రాన్ని అయిదేళ్ళు మేపాలి. పెట్టుబడి పెట్టినవాడికి అంత ఓపిక ఎక్కడ? అందుకని చిన్న వయసు గుర్రాలకు, తక్కువ దూరానికి, ఒకే పరుగుతో తేలిపోయే పందేలు పెట్టారు. 1776లో డాంకాస్టర్‌లో ఆంథొనీ సెయింట్ లెజర్ అనే సైనికాధికారి ప్రతిపాదించిన పందెం, 1779లో ఎప్సమ్‌లో ఆడగుర్రాలకు ఓక్స్, 1780 మే 4న అక్కడే డెర్బీ. మూడూ మూడేళ్ళ గుర్రాలకే. మొదటి డెర్బీ దూరం ఒక మైలు, 1784 నుంచి మైలున్నర. దాన్ని గెలిచిన డయోమెడ్ అనే గుర్రం సర్ చార్లెస్ బన్‌బరీది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఈ మూడు పందేలూ ఇప్పటికీ ఏటా జరుగుతున్నాయి.

ఇక్కడ కూడా కాగితం వచ్చింది. జేమ్స్ వెదర్‌బీ 1773 నుంచి ఏటేటా పందేల ఫలితాల పుస్తకం అచ్చు వేశాడు. 1791లో గుర్రాల వంశావళి గ్రంథం మొదటి రూపంలో వెలువడింది. ఏ గుర్రానికి తండ్రి ఎవరు, తల్లి ఎవరు అన్నది అచ్చులో ఉంటే ఇక ఒక గుర్రం పేరు చెప్పి మరో గుర్రాన్ని పరుగెత్తించడం అంత సులభం కాదు. హైదరాబాదులో మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తే జాతి గుర్రాల వంశం కూడా తరం వెనుక తరం లెక్కపెట్టుకుంటూ పోతే ఆ పుస్తకంలోని పేర్ల దగ్గరికే చేరుతుంది, వాటిలో అధిక భాగం మగ వరుసలో ఎక్లిప్స్ దగ్గరికే చేరుతాయి.

రాసిన నియమం ఎంత బలమైనదో తెలియాలంటే అది బలవంతుడికి ఎదురు నిలిచినప్పుడు చూడాలి. 1791 అక్టోబరు 20న న్యూమార్కెట్‌లో వేల్స్ యువరాజు గుర్రం, దాని పేరు ఎస్కేప్, తప్పక గెలుస్తుందని అందరూ అనుకున్న పందెంలో నాలుగు గుర్రాలలో చివరన వచ్చింది. మరునాడు అదే గుర్రం, దాని మీద ఎవరికీ నమ్మకం లేనప్పుడు, ఒకటికి అయిదు ఇచ్చే పందెంలో సునాయాసంగా గెలిచింది. రెండు రోజులూ నడిపిన జాకీ శామ్యూల్ చిఫ్నీ. మొదటి రోజు కావాలనే వెనక్కి లాగాడా? చిఫ్నీ కాదన్నాడు, గుర్రానికి మొదటి రోజు పరుగు ఒంటికి పట్టిందని, అందుకే రెండోరోజు బాగా పరుగెత్తిందని అన్నాడు. అతను నేరస్థుడని నేను ఇక్కడ తీర్పు చెప్పను. నాకు ముఖ్యం అనిపించేది జాకీ క్లబ్ చేసిన పని. స్టీవార్డుగా, అంటే క్లబ్బు నిర్వాహకుడిగా ఉన్న సర్ చార్లెస్ బన్‌బరీ, కాబోయే రాజు దగ్గరికి వెళ్ళి, చిఫ్నీ మీ గుర్రాలను నడిపినంత కాలం ఏ పెద్దమనిషీ మీతో పందేనికి రాడని చెప్పాడు. యువరాజు తన జాకీని వదులుకోలేదు, న్యూమార్కెట్‌నే వదిలి వెళ్ళిపోయాడు. ఫ్రాన్సులో రాజు మీద తిరుగుబాటు జరుగుతున్న ఆ సంవత్సరాలలో, ఇంగ్లండులో ఒక గుర్రప్పందేల క్లబ్బు యువరాజుతో కాదని చెప్పగలిగింది. తిరుగుబాటు చేసి కాదు, అందరూ ఒప్పుకున్న పద్ధతి పేరు చెప్పి.

ముష్టియుద్ధం గురించి క్లుప్తంగా చెబుతాను. దీనికి 1743లోనే జాక్ బ్రౌటన్ నియమాలు రాశాడు: కింద పడినవాణ్ణి కొట్టరాదు, నడుము కింద పట్టుకోరాదు, ఇద్దరు అంపైర్లు ఉండాలి. 1788 నుంచి 1790 వరకు డేనియల్ మెండోజా, రిచర్డ్ హంఫ్రీస్ మధ్య జరిగిన మూడు పోరాటాలు ఇంగ్లండును ఊపేశాయి. మెండోజా లండన్‌లోని ఆల్డ్‌గేట్ ప్రాంతపు యూదుడు, మధ్యరకం ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. ఒంటి బలం తక్కువైన చోట కాలి కదలికతో, దెబ్బను తప్పించుకునే విద్యతో గెలవవచ్చని చూపించాడు, 1789లో దాని మీద పుస్తకం కూడా రాశాడు. మొదటి పోరాటంలో ఓడి, తరువాతి రెండింటిలో గెలిచాడు. అయితే 1795లో జాన్ జాక్సన్ అతని పొడవాటి జుట్టును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో గుద్ది గెలిచాడు. నడుము కింద పట్టుకోరాదని బ్రౌటన్ రాశాడు, జుట్టు పట్టుకోరాదని రాయలేదు. థామస్ వైట్ వెడల్పాటి బ్యాటు కథ మీకు గుర్తుకు వస్తోందా? బ్యాటు విషయంలో రెండు రోజుల్లో నియమం రాసుకున్నారు. ముష్టియుద్ధం అప్పటికి చట్టం దృష్టిలో నిషిద్ధం, దానికి జాకీ క్లబ్ వంటి సంస్థ లేదు, సరిదిద్దే నాథుడు లేడు. కాబట్టి మెండోజాకు న్యాయం దొరకలేదు. నాకు ఈ సంగతి ఎప్పుడు చదివినా బాధ కలుగుతుంది.

మళ్ళీ క్రికెట్‌కు వస్తాను. లండన్ ప్రభువులకు హాంబుల్డన్ దూరం. వారికి నగరంలోనే మైదానం కావాలి. ఇస్లింగ్‌టన్‌లో ఆడుకుంటున్న వైట్ కాండ్యూట్ క్లబ్ సభ్యులు తమ దగ్గర పనిచేస్తున్న థామస్ లార్డ్ అనే అతన్ని సొంత మైదానం చూడమన్నారు. 1787 మేలో అతని మైదానం తెరుచుకుంది, అదే ఏడు మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ పుట్టింది, 1788లో ఆ క్లబ్బు నియమాలను తిరగరాసింది. ఆ సవరణలలో ఒకటి చెప్పి తీరాలి. 1774లో ఎల్బీడబ్ల్యూ నియమం మొదట రాసినప్పుడు, బ్యాటరు బంతిని ఆపాలన్న ఉద్దేశంతో కాలు అడ్డం పెడితే అవుట్ అన్నారు. ఉద్దేశం అంటే మనసులో మాట. మనసులో ఏముందో అంపైరు ఎలా చెబుతాడు? 1788లో ఆ ఉద్దేశం అన్న షరతు తీసేశారు. బంతి వికెట్‌కు సూటిగా పడిందా, కాలు లేకపోతే వికెట్‌కు తగిలేదా అన్నదే చూడమన్నారు. మనిషి మనసును వదిలి బంతి దారిని చూడమనడం న్యాయశాస్త్రం చదివేవారికి కూడా పాఠమే. ఇప్పుడు టీవీ తెరమీద బంతి దారిని గీసి చూపించే పద్ధతి అడుగుతున్నదీ ఆ ప్రశ్ననే.

నియమాలు లండన్‌కు తరలాక హాంబుల్డన్ వైభవం తరిగింది. 1796 సెప్టెంబరులో ఆ క్లబ్బు చివరి సమావేశపు చిట్టాలో పెద్దమనుషులు ఎవరూ రాలేదని మాత్రమే రాసి ఉంది. పందెం కాసేవాళ్ళు వెళ్ళిపోయాక ఆ పల్లెలో నిలబడటానికి పెద్ద ఆటకు ఆధారం లేకపోయింది.

చివరగా మన వైపు సంగతి, ఎందుకంటే ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు తమ ఆటలను కూడా వెంట తెచ్చుకున్నారు. మద్రాసు గిండీలో గుర్రప్పందేలు 1777 నాటివి, అంటే మొదటి డెర్బీ కంటే మూడేళ్ళు ముందు. కలకత్తాలో 1792 నాటికి క్రికెట్ క్లబ్బు ఉంది. ఇవన్నీ అప్పట్లో దొరల ఆటలే, మనవాళ్ళు ఆడినట్టు చెప్పుకోవడానికి లేదు. కానీ నియమం కాగితం మీద ఉంటే దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా నేర్చుకోవచ్చు, ఆ నియమం చూపించి ఎవరినైనా నిలదీయవచ్చు. నాగపూరులో పుట్టిన తెలుగు బిడ్డ సి.కె. నాయుడు 1932 జూన్‌లో భారత జట్టు కెప్టెన్‌గా మన మొదటి టెస్టు ఆడటానికి లార్డ్స్ మైదానంలో దిగినప్పుడు, అతను పట్టిన బ్యాటు వెడల్పు ఆ సత్రం యజమాని, ఆ రైతు, ఆ చెప్పులు కుట్టేవాడు సంతకం పెట్టిన నాలుగుంపావు అంగుళాల హద్దుకు లోబడినదే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇప్పుడు మీరు ప్రశ్నలు అడగవచ్చు. విద్యార్థులు ముందు అడిగితే సంతోషిస్తాను.